అట్టగోడ సిపాయి

"కార్డు ఇలాగియ్యరా అమరూ, షూటింగుకి గేటు పాసు రాయించాల," అని బాబ్జీ మామ చెయ్యి చాపాడు.

అమర్ చొక్కా జేబు మీద అరచెయ్యి వేసుకున్నాడు. "అమ్మ ఎవరికీ ఇవ్వొద్దంది మామా."

"ఎవరికీ అంటే నాక్కూడానా? ఏటిరా ఇది! మీ అమ్మ నా తోడబుట్టింది కాదేటి? నాకు సుశాంత్ ఎంతో నువ్వూ అంతే. సొంత కొడుకనుకోబట్టే గదా ఈ పనికి పిలిసినాను."

అమ్మ తాయారమ్మ భయం ఉత్తిది కాదు. సైన్యంలోకి తీసుకోడానికి వార్డులో కుర్రాళ్ల పేర్లు చీటీల మీద రాసి, డబ్బాలో వేసి తీస్తున్నారు. చీటీ వచ్చినవాడు తుపాకీ పట్టుకుని సరిహద్దుకి పోవాల్సిందే. తండ్రి లేని ఇంట్లో ఒక్కడే కొడుకు గనక అమర్ పేరు డబ్బాలో వెయ్యలేదు. రోడ్డు మీద ఎవరైనా ఆపితే, గుర్తింపు కార్డు నంబరు జాబితాలో చూసి వదిలేస్తారు. ఆ కార్డు లేకపోతే ఇక అంతే. అది ఉండి కూడా ఆరు నెలల్లో అతను మింగళ తౌంగ్‌న్యున్ పేటలో తమ మేడమెట్లు దిగింది పట్టుమని నాలుగుసార్లు లేదు.

మామ మొహం చిన్నబోయింది. అమర్‌కి సిగ్గేసింది. కార్డు తీసి ఇచ్చేశాడు.

రంగూన్‌లో ప్రకటనల వాళ్లకి తెల్లవాళ్లు కావలసి వచ్చినప్పుడల్లా మన తెలుగువాళ్ల వీధికే వస్తారు. ముక్కులు నిటారుగా ఉంటాయని! ఆ ముక్కుల్ని సప్లై చెయ్యడమే బాబ్జీ మామ ఉద్యోగం. ఈసారి కావలసింది ఎనిమిదిమంది రోము సిపాయిలు. ఎక్కడో చలిదేశంలో, మనిషి మొహం కనబడని సరిహద్దు గోడకి కాపలా కాసేవాళ్లు.

బోటాటౌంగ్ రేవు దగ్గర ఒక పాత గోడౌనులో గోడ కట్టారు. ప్లైవుడ్డుకి రాతిరంగు, పైన థర్మోకోల్ మంచు. బయట ఏప్రిల్ ఎండ మాడు పగలగొడుతోంది. కవచానికని మామ వారం కిందటే ఇంటికొచ్చి అమర్ ఎత్తూ ఛాతీ కొలిచి రాసుకుపోయాడు. అయినా కవచం సంచిలా వేలాడుతోంది. జుట్టు మాత్రం కుదిరింది. మంగలితో మామ దగ్గరుండి చెప్పాడు మరి, "మా సుశాంత్‌కి కొట్టినట్టే కొట్టెయ్" అని.

"బావ రాలేదేం మామా?" అడిగాడు అమర్.

"ఆడికి జొరం. తొంగున్నాడు," అన్నాడు మామ, థర్మోకోల్ ముక్కలు ఏరుతూ.

డైరెక్టర్ కో తెట్ సీను చెప్పాడు. సిపాయిలు పొద్దున్నే తమ గోధుమలు తామే విసురుకుంటారు. చెప్పులకి తామే మేకులు కొట్టుకుంటారు. సాయంత్రం ఆనాటి రహస్యపు మాట చెక్కపలక మీద రాసి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందిస్తారు. తర్వాత గోడెక్కి, ఎవరూ రాని దారికేసి చూస్తూ నిలబడతారు. ఆ నిలబడేవాడు అమర్. కునుకు తీస్తాడు, ప్రకటన కంపెనీవాళ్ల డ్రింకు తాగుతాడు, పులిలా లేస్తాడు.

"లేవకపోతే?" అన్నాడు అమర్.

"కాపలాలో నిద్రపోయినవాణ్ణి కర్రలతో కొట్టి చంపేవారట," అన్నాడు కో తెట్ నవ్వుతూ.

"ఎవరు? శత్రువులా?"

"కాదు. ఒకే డేరాలో కలిసి తిని పడుకునేవాళ్లే."

అయినవాళ్లు ఎలా కొడతారో అమర్‌కి అర్థం కాలేదు. మామవైపు చూస్తే, మామ ఫోనులో గుసగుసగా మాట్లాడుతున్నాడు.

నాలుగింటికి షూటింగు అయిపోయింది. రోము సిపాయిలు కిరీటాల్లాంటి టోపీలు తీసేసి, టీ తాగి, ఎవరి దారిన వాళ్లు పోయారు. అమర్ మనసు దూదిపింజలా ఉంది. ఆరు నెలల తర్వాత ఒక రోజంతా మనుషుల మధ్య గడిపాడు. ఇదంతా మామ చలవే.

మామ దగ్గరికొచ్చి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కార్డుని అతని జేబులో తోసి, బొత్తాం కూడా తనే పెట్టాడు. "సెమటకి తడిసిపోద్ది. తియ్యకు."

"బస్సు అటు కదా మామా?"

"ఇటు నీడుంటాది, రా."

సందు మలుపులో లారీ ఆగి ఉంది. పక్కన నలుగురు సిపాయిలు, నిజమైనవాళ్లు. ఒకడు చెయ్యెత్తి ఆపాడు. జేబు తడుముకోగానే అమర్‌కి ధైర్యం వచ్చింది. కార్డు ఉంది, పక్కన మామ ఉన్నాడు. బొత్తాం తీసి, కవరుతోనే అందించాడు.

సిపాయి కార్డు చూశాడు. చేతిలో కాగితం చూశాడు. "సుశాంత్!" అన్నాడు.

"కాదండీ, నేను అమర్‌ని. సుశాంత్ మా బావ."

సిపాయి కార్డుని అతని కళ్ల ముందు పెట్టాడు. సుశాంత్ పేరు, సుశాంత్ ఫొటో. ఇద్దరికీ తాత ముక్కే, ఇప్పుడు ఒకటే క్రాపు. సిపాయి కాగితం చదివాడు. "చీటీలో వచ్చిన పేరు. ఎత్తు అయిదడుగుల ఏడు, ఛాతీ ముప్పైనాలుగు. సరిపోయింది, ఎక్కు."

అవి వారం కిందట మామ టేపు పెట్టి కొలిచిన కొలతలు.

అమర్ మామ చెయ్యి పట్టుకున్నాడు. "మామా! చెప్పు మామా! నేనెవర్నో చెప్పు! అమ్మ ఒక్కత్తీ ఉంది మామా!"

బాబ్జీ మామ కళ్లు తుడుచుకున్నాడు. అమర్ భుజం మీద చెయ్యి వేసి, సిపాయి వైపు తిరిగి అన్నాడు.

"మా అబ్బాయే సార్."