గోడ దాటితే ఔట్

ధబ్బుమని బంతి వచ్చి చంద్రవ్వ వాకిట్లో పడింది. పదేళ్లలో ఆ గోడ దాటొచ్చిన మొదటి బంతి.

వెనకే, బండల మీద మెట్టెలు టకటకలాడిస్తూ ఒక కొత్త పెళ్లికూతురు పరుగెత్తుకొచ్చింది.

“అవ్వా, బంతి కోసమొచ్చిన. నవీన్‌కుమార్ భార్యను, జ్యోతిరాణిని. మస్తు సిక్సర్ కొడితే మా ఆయనే ఔటన్నడు! నీ గోడ దాటితే ఔటంట.”

“ఎవలు పెట్టిండ్రు గా రూలు?”

“ఎవలకూ తెల్వదు. ఎప్పటినుంచో ఉన్నదంట.”

చంద్రవ్వ వంగి బంతి తీసుకుంది. తాండూరు బండల పాలిషింగ్‌లో రాత్రి డ్యూటీ చేసొచ్చి తన భర్త పగలు పడుకునేవాడు. బంతి వాకిట్లో పడి ఆయన నిద్ర చెడిందని ఒకనాడు గోడ అవతల ఆడే పిల్లల మీద గట్టిగా అరిచింది. ఆయన పోయి నాలుగేళ్లు. పిల్లలు పెద్దవాళ్లై తనను మరిచిపోయారనుకుంది గానీ, ఇంకా తన మాటే వింటున్నారనుకోలేదు.

“నేనే పెట్టిన బిడ్డా. ఇగ తీసేసిన. దాటితే ఆరు రన్లని చెప్పు వాళ్లకు.”

జ్యోతిరాణి గోడ పక్కన మునివేళ్ల మీద నిలబడి ఆ మాటే కేకేసింది.

అవతల నవీన్‌కుమార్ నవ్వాడు. “ఎవలు తీసేస్తే ఏంది? రూలంటే రూలే. నువ్వు ఔటే!”

చంద్రవ్వ ముఖం చిన్నబోయింది. బంతి చేతికిచ్చి, “పో బిడ్డా, నీ కోసం ఆట ఆగింది” అంది.

జ్యోతిరాణి బంతిని గోడ మీదుగా విసిరేసి అరుగు మీద చతికిలబడింది.

“ఔటయినంక నాకక్కడ ఏం పని? జర చాయ్ పెట్టవ్వా. వచ్చే ఆదివారం సుత గిటే కొడత.”