ఒక్క ఇంజిన్‌కి మూడు కార్బురేటర్లు

లాయిడ్ పెట్టెను అందుకునేలోగా ముసలాయన దాని మీద చెయ్యి వేశాడు.

“ఏ బండికి అబ్బాయ్?”

“ముప్ఫై రెండు నాటి ఫోర్డుకి.”

“రేసుల్లో తోల్తావా, రోడ్డు మీదా?”

“రోడ్డు మీదే. రేపు చర్చికి వెళ్ళాలి.”

“చర్చికి వెళ్ళడానికి మూడు కార్బురేటర్లా? దేవుడేమైనా నీతో పందెం కాశాడా?”

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. లాయిడ్ చెవులు ఎర్రబడ్డాయి.

పాత కారు కొని, బానెట్ పీకేసి, ఇంజిన్‌ని ఊరంతటికీ కనబడేలా మెరిపించి తిప్పే హాట్‌రాడ్ కుర్రాళ్ళకి ఫ్రెస్నోలో సామాను దొరికేది ఆ షాపులోనే. ముసలాయన ఎప్పుడూ తలుపు పక్క స్టూలు మీద కాఫీ కప్పుతో కూర్చుని ఉంటాడు. వచ్చినవాడికల్లా అడ్డుపడతాడు.

“గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పట్టడానికి ఒక్కటి చాలు. అదీ చిన్నది,” అన్నాడు. “నీ ఇంజిన్ పీల్చే గాలి ఎంత? ఒక్క నోట్లో మూడు గరిటెలు పెడితే పొలమారదూ? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా బండి చస్తుంది.”

“చిన్నది పెడితే ఎవరు చూస్తారు తాతా?”

“బండి ఎక్కేవాళ్ళ కోసమా, చూసేవాళ్ళ కోసమా?”

“చూసేవాళ్ళ కోసమే!”

నిజానికి ఈసారి ఎక్కే మనిషే ముఖ్యం. నోరీన్‌ని పెళ్ళి చేసుకుంటానంటే వాళ్ళమ్మ మిసెస్ గ్రూబర్ ఒకటే మాట అంది. “ఆ డబ్బాలో నన్ను ఒక్క ఆదివారం చర్చికి తీసుకెళ్ళు. తర్వాత ఆలోచిస్తాను.”

లాయిడ్ కౌంటరులో ఉన్న రోజలీ వైపు వంగాడు.

“ఆయన్ని బయట కూర్చోబెట్టరాదూ? బేరాలన్నీ చెడగొడుతున్నాడు.”

“వినేవాళ్ళకి ఆయన చెబుతాడు. విననివాళ్ళకి నేను అమ్ముతాను,” అంటూ రోజలీ మూడు కార్బురేటర్లూ, వాటిని బిగించే మానిఫోల్డూ కట్టి ఇచ్చింది.

“మూడూ కలిసి ఊపిరి తియ్యాలంటే సరిచెయ్యడానికి వారం పడుతుంది,” అని వెనక నుంచి అరిచాడు ముసలాయన. “పై ఆదివారం వెళ్ళు!”

లాయిడ్ వెనక్కి తిరగలేదు.

మర్నాడు మిసెస్ గ్రూబర్ కొత్త టోపీ పెట్టుకుని బండెక్కింది.

మొదటి సిగ్నల్ దగ్గరే బండి ఆగిపోయింది.

“ఏమైంది?”

“కాస్త ఊపిరి పీల్చుకుంటోందండీ.”

రెండో సిగ్నల్ దగ్గర మళ్ళీ ఆగింది. మూడో దగ్గర పెట్రోలు పొంగి, ఆ కంపు టోపీకి పట్టింది.

“ఇప్పుడేమైంది?”

“ఎక్కువ తాగేసిందండీ.”

“చర్చికి వెళ్తూనా!”

నాలుగో సిగ్నల్ దగ్గర ఆవిడ దిగి, ఎత్తు మడమల జోళ్ళు చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. లాయిడ్ చేరేసరికి ప్రార్థన అయిపోయి జనం బయటికి వస్తున్నారు.

“ఇలా అవుతుందని నీకెవరూ చెప్పలేదా?” అంది ఆవిడ మెట్ల మీదే నిలబడి.

“షాపు దగ్గర ఒక తాత చెప్పాడండీ.”

“మరి?”

“ఒకటే చాలన్నాడండీ. నేనే మూడు పెట్టాను.”

“బండి ఆగితే ఆగింది. చెప్తే వినని వాడికి మాత్రం నా పిల్లనివ్వను. పోయి ఆ పెద్దమనిషికి క్షమాపణ చెప్పి, ఆయన చెప్పినట్టు చేసుకుని రా.”

సోమవారం షాపు తెరవగానే లాయిడ్ వాకిట్లో ఉన్నాడు. స్టూలు ఖాళీగా ఉంది.

“తాత ఏడీ?”

“ఇక రాడు. చేపలు పట్టుకుంటూ బతుకుతానని ఒరెగాన్ వెళ్ళిపోయాడు,” అంది రోజలీ. చిన్న కార్బురేటర్ ఒకటి తీసి అతని ముందు పెట్టింది. “సోమవారం పొద్దున్నే వస్తావని చెప్పి, నీకోసం ఇది పక్కన పెట్టాడు.”

లాయిడ్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత కోపం వచ్చింది.

“అంత తెలిసిన మనిషిని ఉట్టినే స్టూలు మీద కూర్చోబెడతారా? జీతమిచ్చి పనిలో పెట్టుకోవాలని మీ యజమానికి తోచలేదా?”

“శనివారం సాయంత్రం ఈ షాపు నాకు అమ్మేదాకా,” అంది రోజలీ, “మా యజమాని ఆయనే.”