శుక్రవారం గుడ్డ

మందుల ఫ్యాక్టరీల పక్కన కట్టిన మా కాలనీలో ప్రతి గుమ్మానికీ ఒక గాలిదీపం ఉంటుంది. దాని పరారుణ కాంతి మన కళ్ళకు కనబడదు గాని, గాలిలో విషవాయువు రవ్వంత కలిసినా పసిగడుతుంది. వెంటనే ఎర్రబడి కూత పెడుతుంది.

తంటా అంతా శుక్రవారాలతోనే. సాంబ్రాణి పొగకు కూడా అది కూసేది. రక్షణ దళం వచ్చి, అన్నం పొయ్యి మీద ఉండగానే వీధంతా ఖాళీ చేయించేది. ఆ గోల పడలేక శుక్రవారం మధ్యాహ్నమే అందరం దీపాలకు మందపాటి గుడ్డ కప్పడం మొదలుపెట్టాం. ఇప్పుడది గడపకు పసుపు రాసినంత మామూలు.

మొన్న శుక్రవారం గుమ్మం కడుగుతుంటే నా చెయ్యి తగిలి గుడ్డ జారింది. దీపం ఎర్రబడి కూత అందుకుంది. నాకు ఒళ్ళు మండింది.

“అత్తా, పొద్దుండగానే సాంబ్రాణేసీసినావేటి?”

మా అత్త వరహాలమ్మ ధూపం గిన్నె పట్టుకుని వచ్చింది. “బొగ్గులే ఇంకా రాజుకోనేదు. సాంబ్రాణి ఎలాగేస్తానే?”

గిన్నెలో బొగ్గులు నల్లగానే ఉన్నాయి.

వీధిలోకి పరుగెత్తి, “గాలి బాగోనేదు, బయటికొచ్చీండి!” అని కేకలు వేశాను. ఎదురింటి అరుగు మీద బియ్యం చెరుగుతున్న నూకరత్నం నవ్వింది.

“ఇయ్యేల సుక్కురోరం కదేటే మంగా! మీ అత్త తొందరపడుంటాది.”

ఆమె గుమ్మానికున్న గుడ్డ లాగి పారేశాను. ఆ దీపమూ ఎర్రబడి కూసింది. రత్నం చేతిలో చాట జారిపోయింది.

వీధి చివరిదాకా గుడ్డలు కదలకుండా వేలాడుతున్నాయి. పిసరంత గాలి కూడా వీచడం లేదు.