అక్క ఇచ్చిన గింజలు

పందిరి నిండా వేలాడుతున్న బీరకాయల్ని చూసి అక్క పెరటి గుమ్మంలోనే ఆగిపోయింది.

“గింజలు ఏ కొట్లో కొన్నావే?”

“కొనడమేంటక్కా, నువ్విచ్చినవేగా!” అంది చెల్లెలు, అక్క సంతోషిస్తుందని.

మూడేళ్లుగా అక్క తన పాదులోని గింజలు పొట్లం కట్టి ఇస్తోంది. ఒక్కటీ మొలకెత్తలేదు. “నీ హస్తవాసి అంతేనే” అని నలుగురి ముందూ జాలిపడేది.

“నావా? ఉడకబెట్టిన గింజలు ఎలా మొలుస్తాయే!” అనేసి, అక్క నాలుక కరుచుకుంది.

చెల్లెలు కోయబోయిన కాయను వదిలేసింది. రెండు నెలల కిందట విత్తనాల కొట్టాయన అక్క ఇచ్చిన గింజను గోటితో చీల్చి చూసి, ఇదే మాట అన్నాడు. “మా అక్క అలాంటిది కాదు” అని ఆయన్ని నానా మాటలూ అని, ఎదురు కొట్లో కొనుక్కొచ్చింది తను.