కాళ్లకు సాక

జహీరాబాద్ బజారంతా ఈలలు, చప్పట్లు. బోనమెత్తిన వాళ్లకు పోసినట్టే, మారథాన్‌లో ఉరికేవాళ్ల కాళ్లకు ఆడవాళ్లు బిందెలతో పసుపునీళ్ల సాక పోస్తున్నారు. ఒకప్పటి అత్త శరణమ్మ తన కాళ్ల మీద నీళ్లు పోయగానే రేఖ ఆగి, టోపీ తీసింది.

"గుర్తువట్టినవా అత్తమ్మా? నేను కాలు పెట్టంగనే ఇల్లు మునిగిందని ఎల్లగొడితివి. గిప్పుడు గా కాళ్లకే సాక పోస్తివి!"

ఏటా మారథాన్‌కు అత్త ఇక్కడ సాక పోస్తుందని తెలిసి, ఈ మాట అనడానికే రేఖ ఏడాదిపాటు ఉరకడం నేర్చింది.

"దూరంకెల్లే గుర్తువట్టిన బిడ్డా," గొణిగింది శరణమ్మ. "నీకోసమే నిలబడ్డ. తప్పు నాదే."

"అప్పుడు వాడకట్టంత వినేటట్టు తిట్టినవు. గిది గూడ గట్లనే అను."

శరణమ్మ బిందె దించింది. "తప్పు నాదే!" అని అరిచింది.

ఏమీ తెలియని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ముసలామె కళ్లు తుడుచుకున్నా రేఖకు జాలి కలగలేదు. ఒళ్లు మాత్రం తేలికైంది.

మళ్లీ ఉరికింది.