పాయలో రెండు చుక్కలు

“తెర మీద పచ్చ చుక్క చూసి మనిషి బతికే ఉన్నాడని చెప్పే మీకంటే ఆ గాలే నయం. అది చంపితే దాచిపెట్టదు.”

గంగారత్నం గొంతు పెంచలేదు. అందుకే చక్రికి మరీ భయం వేసింది.

రేవు సంఘం ఆఫీసులో అద్దం కిటికీకి అవతల ఆమె, ఇవతల అతను. ఆమె వెనక పాతికమంది ఆడవాళ్లు, తడిసిన కొంగులతో. బయట గాలి రేకుల కప్పును పట్టి కుదుపుతోంది. ఆమె భర్త కాశీరావు మరో నలుగురితో నిన్న తెల్లారగట్ల వేటకి వెళ్లాడు. తుఫాను కబురు విని మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి. ఇరవై ఆరో నంబరు పడవ రేవులో లేదు. కాశీరావు ఫోను మోగడం లేదు.

రేవులో లేదు గానీ, తెర మీద ఉంది.

వెతికే బోటు కదలాలంటే చుక్క ఎర్రబడాలి. అదీ రూలు. పడవలో బిగించిన పెట్టె నుంచి గంటసేపు కబురు రాకపోతే చుక్క ఎర్రబడుతుంది. ఆ రూలు రాసినవాడు ఎవడో గానీ, జన్మలో ఉప్పునీళ్లు మింగి ఉండడు. తెర మీద నలభై ఒక్క చుక్కలు. అన్నీ పచ్చవే. ముప్పై తొమ్మిది రేవులో. రెండు మాత్రం దూరంగా, మడచెట్ల మధ్య పాయలో, పక్కపక్కనే. ఇరవై ఆరు, పదిహేడు.

“పాయలోకి వెళ్లి ఉంటారమ్మా. గాలి లేస్తే అక్కడే కడతారంటగా,” అన్నాడు చక్రి.

“కడతారు. పోటెక్కి దారి మునిగింది. ఎవరు చూసొచ్చారు?”

ఎవరూ చూసి రాలేదు. తెర చెప్పింది, అంతే.

తెల్లారేసరికి ఆ తెర నల్లబడి ఉంటే, కంపెనీ చక్రిని బెజవాడ నుంచి మొదటి బస్సుకి తోలింది. కట్టింది అతనే మరి. మే మొదట్లో, కంప్యూటర్‌ని నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ కొత్త విడుదల రాగానే, మూడు పాత కంప్యూటర్ల పనిని ఆఫీసులో ఒకే కంప్యూటర్ పెట్టెలోకి ఎక్కించాడు. పడవల్ని చూసే కంప్యూటర్ ఇప్పుడు విడిగా వస్తువు కాదు, ఆ పెట్టె కడుపులో నడిచే ఊహా యంత్రం. వర్చువల్ మెషీన్ అంటారు. కొత్త విడుదలలో గొప్ప ఏమిటంటే, నడుస్తున్న యంత్రాన్ని ఉన్నదున్నట్టు ఆవకాయలా జాడీలో పెట్టి మూత బిగించొచ్చు. ఎన్నాళ్ల తర్వాత తీసినా ఆపిన ఊపిరితోనే లేస్తుంది. గడియారం కూడా తనే దిద్దుకుంటుంది.

సంఘం పెద్దలు దానికి ఉదయం తొమ్మిదీ పన్నెండుకి ముహూర్తం పెట్టించారు. వేట నిషేధం రోజులు, పనుల్లేక జనం బాగా వచ్చారు. పంతులు పెట్టెకి పసుపు రాసి, మంచి ఘడియ, దాచుకోండి అన్నాడు. చక్రి నిజంగానే దాచాడు. ఆ క్షణాన నడుస్తున్న యంత్రాన్ని, అప్పటి చుక్కలతో సహా, అలాగే కాపీ తీసి పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇవాళ ఎన్ని తంటాలు పడ్డా యంత్రం లేవలేదు. బెజవాడ గుణదలలో కూర్చున్న బాసు సిద్ధార్థ ఫోన్లో, ముహూర్తం కాపీ ఉందిగా, దాన్నే లేపమన్నాడు. కలిసొచ్చిన ఘడియ అని నవ్వాడు కూడా. సరిగ్గా పదింటికి చక్రి లేపాడు. చుక్కల గంట లెక్క అక్కణ్ణుంచి మళ్లీ మొదలైంది. చుక్కలు వెలిగాయి. కాసేపు జరిగి, కుదురుకున్నాయి. హమ్మయ్య అనుకున్నాడు.

ఇప్పుడు పదీ నలభై. బల్ల మీద ఆపద మీట ఉంది. రూలు పక్కనపెట్టి నొక్కితే వెతికే బోటు కదులుతుంది. రెండుసార్లు చేయి అక్కడిదాకా వెళ్లి వెనక్కొచ్చింది. చివరికి మళ్లీ సిద్ధార్థకే ఫోన్ చేశాడు. చుక్క పచ్చగా ఉండగా బోటు పంపి, ఆ బోటే మునిగితే ఎవడు జవాబు చెబుతాడని సిద్ధార్థ కసిరాడు.

“పక్కన పదిహేడు కూడా ఉందన్నావుగా. రెండు పడవల పెట్టెలూ ఒకేసారి అబద్ధం చెబుతాయా చక్రీ?”

నీళ్లలో పడ్డవాడికి తాడు దొరికినట్టయింది చక్రికి. పదిహేడు ఉంది. పదిహేడు ఉన్నంతసేపూ ఇరవై ఆరు కూడా ఉన్నట్టే. మీట మీంచి చూపు తిప్పుకున్నాడు.

కప్పు మీద రేకొకటి చించుకుని ఎగిరిపోయింది. వాన గదిలోకి కొట్టింది. ఆడవాళ్లలో ఎవరో గంగమ్మ తల్లిని తలుచుకున్నారు.

“ఆ తెర ఒక్కసారి ఇటు తిప్పు బాబూ,” అంది గంగారత్నం.

బయటివాళ్లకి చూపించకూడదని కూడా ఒక రూలుంది. చక్రి ఆమె కళ్లలోకి చూడలేక తెర తిప్పాడు. అద్దం మీద వేలు పెట్టి చూపించాడు.

“ఇదిగోనమ్మా, ఇరవై ఆరు, మీ ఆయనది. పక్కన పదిహేడు, మీ మరిది శివాజీ గారి పేరు మీదుంది. అన్నదమ్ములిద్దరి పడవలూ ఒక్కచోటే క్షేమంగా ఉన్నాయి. భయపడకండి.”

ఆమెకి చదువు రాదు. పడవల నంబర్లు మాత్రం వచ్చు. ముక్కు అద్దానికి ఆనేలా వంగి చాలాసేపు చూసింది. ఆమె మనసు కుదుటపడిందనుకున్నాడు చక్రి.

“పదిహేడో నంబరు పడవని మే నెలాఖర్లోనే విడగొట్టి ఆ చెక్కలతో అన్నం వండుకు తిన్నాం బాబూ, ఆ తెర కట్టేసి ముందు సముద్రంలోకి బోటు పంపించు.”