బావ పెట్టె, బామ్మర్ది పెట్టె

"ఆ బేస్ కాస్త తగ్గించు బావా! ఇది పాటా, పిండిమరా?"

"నేను తగ్గిస్తుంటే నువ్వు పెంచుతున్నావుగా! ముందు ఆ చెయ్యి తీసి జేబులో పెట్టుకో."

పొద్దున్నుంచీ ఇదే వరస. స్టూడియో బల్లకు ఆ చివర బావ, ఈ చివర బామ్మర్ది. ఒక్కొక్కరి ముందూ నాబులున్న ఇనప్పెట్టె. ఎదురుగా రెండు నిలువెత్తు స్పీకర్లు. వాటిలోంచి వస్తున్నది మాత్రం రేకుల షెడ్డు మీద వడగళ్ళ వాన.

ఒకప్పుడు ఈ జంట అంటే మాటలు కాదు. తీగా తోలూ లేకుండా ఉట్టి కరెంటుతో పాటలు కట్టిన మొనగాళ్ళు. వాళ్ళ బీట్ మొదలైతే ముసలాళ్ళు చేతికర్రలు అవతల పారేసి గంతులేసేవాళ్ళట. ఆ కర్రలు ఏరుకున్నవాడు వంటచెరకు అడితి పెట్టుకున్నాడట. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

ఆ తరవాత ఆల్బమ్ అట్ట మీద ఎవరి బొమ్మ ముందుండాలన్న దగ్గర చెడింది. పన్నెండేళ్ళు మాటల్లేవు. మధ్యలో నలిగింది ఒక్కత్తే. బావకు పెళ్ళాం, బామ్మర్దికి సొంత అక్క. ఆ రోజుల్లో వైర్లు అతికేదీ, ఏ మోత ఎంతుండాలో మట్టం చూసేదీ ఆవిడే. అంతా అమిరాక ఈ ఇద్దరూ పెట్టెల ముందు కూర్చుని, నాబులు తిప్పి, పాటకు ప్రాణం పోసేవారు. అలాగని వాళ్ళే చెప్పుకునేవారు.

ఇన్నాళ్ళకు ఒక కంపెనీ వచ్చి ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టింది. కొత్త ఆల్బమ్ కావాలి, కానీ పాత మోత రావాలి. రేపు వచ్చి వింటారు. నచ్చకపోతే ఆల్బమూ లేదు, గిల్బమూ లేదు.

"ఇది గనక చెడిందో, మళ్ళీ నీ గడప తొక్కను బావా," అన్నాడు బామ్మర్ది.

"తొక్కమని ఎవడు ఏడ్చాడు?" అన్నాడు బావ.

మూల కుర్చీలో ఉన్న అక్క తల వంచుకుంది. పన్నెండేళ్ళ తరవాత తమ్ముడు తన ఇంట్లో అన్నం తిన్నది మొన్ననే.

మళ్ళీ వాయించారు. మళ్ళీ వడగళ్ళే. బావ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద విసిరికొట్టాడు.

"అవే పెట్టెలు! అవే చేతులు! ఏం మాయరోగం వచ్చింది దీనికి?"

మెకానిక్‌ని పిలిపించారు. పెట్టెలు అటకమీంచి దించినప్పుడు బాగుచేసింది అతనే. అతనికి కోపం వచ్చింది.

"పెట్టెలకేం సార్, దివ్యంగా ఉన్నాయి. బూజు దులిపి, తెగిన తీగలన్నీ అతికించి మరీ ఇచ్చాను. కొత్తవి కూడా ఇంత బాగా పనిచేయవు."

తెగిన తీగలు అనగానే బావ మొహం మాడిపోయింది. భార్యను వరండాలోకి లాక్కెళ్ళాడు.

"కొంప ముంచాడే! అప్పట్లో నీ తమ్ముడి పెట్టె తీగ నీ చేతే కోయించానా లేదా?"

"మెల్లగా అనండి, వింటాడు."

"వాడి నాబులు వాడు తిప్పుకునేవాడు, వాడి సరదా తీరేది. పాట నా చేతిలో ఉండేది. ఇప్పుడీ మహానుభావుడు అతికించిపెట్టాడు. వాడి చెయ్యి పడుతోంది, పాట పాడవుతోంది. మళ్ళీ కోసెయ్."

"వాడికి తెలిస్తే?"

"అప్పుడు తెలిసిందా ఇప్పుడు తెలియడానికి?" అంటూ కన్ను కొట్టాడు.

బావ మొహం కడుక్కుని వచ్చేసరికి మంచినీళ్ళ కూలర్ దగ్గర అక్కా తమ్ముడూ గుసగుసలాడుతున్నారు.

"ఏమిటోయ్ రాయబారం?"

"ఆకలేస్తోందిట," అంది ఆవిడ.

తరవాత ఇద్దరినీ బయటికి తోలింది. "దుమ్ము దులిపి, వైర్లు సర్ది పిలుస్తాను. అందాకా కొట్టుకోకుండా కూర్చోండి."

తలుపు మూసుకుంది. బెంచీ మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఎంతకీ తలుపు తెరుచుకోదు. బావ లేస్తాడు, కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. కోసేది ఒక్క తీగ, దానికింత సేపా? పైగా పక్కన బామ్మర్ది నిశ్చింతగా ఈల వేస్తున్నాడు. దాంతో ఒళ్ళు మరీ మండింది.

తలుపు తెరుచుకుంది.

"పని ముగించావా, పడుకుని లేచావా?"

"కళ్ళు మునుపట్లా ఎక్కడివండీ," అంది ఆవిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

పాట పెట్టారు.

గదిలో గాలి మారిపోయింది. బీట్ నేలలోంచి మోకాళ్ళలోకి ఎక్కింది. దాని మీద సన్నటి రాగం వెండిజరీలా మెరిసింది. పాత మోత! పొల్లుపోకుండా అదే మోత! కూలి డబ్బుల కోసం గుమ్మంలో నిలబడ్డ మెకానిక్ కాలు దానంతటదే ఆడింది. బావ నాబు పట్టుకుని, గుర్రం కళ్ళెం పట్టినట్టు వెనక్కి వాలాడు.

"చూశావురా? బేస్ ఇంత తగ్గించేసరికి ఎలా కుదురుకుందో!"

"నీ చెయ్యే చెయ్యి బావా. పైన నేను మెరుపు పెంచాను, గమనించావా?"

"ఆఁ, ఎందుకు గమనించనూ!"

"రాత్రికి మీ ఇంట్లోనే భోజనం."

"మీ ఇల్లేమిట్రా, మన ఇల్లు."

పాపం పిచ్చివాడు అనుకుని జాలిపడి, బావ అటు తిరిగి భార్యకు కన్ను కొట్టాడు.

ఆయన మళ్ళీ తన పెట్టె మీదికి వంగగానే, ఈ చివర్నించి బామ్మర్ది కూడా పాపం పిచ్చి బావ అనుకుని, అప్పట్లో కొట్టినట్టే, అక్కకు కన్ను కొట్టాడు.